నజీబ్‌ను తెర మీద కూడా చూడాలా?

'మేక బతుకు' నవల బాగా నచ్చినవాళ్లే దాని మీద వచ్చిన సినిమా చూడటానికి ఎక్కువగా వెనకాడుతుంటారు. భానూర్‌లోనూ పటాన్‌చెరు చుట్టుపక్కల కాలనీల్లోనూ పుస్తకాలు చదివే అలవాటున్న ఉద్యోగుల మధ్య వినిపించగల మాటే ఇది. "అన్నా, బుక్కు చదివితేనే అన్నం సయించలే. ఇగ సినిమా గూడ చూడాల్నా?" భానూర్ ఫ్యాక్టరీ బీడీఎల్‌లో షిఫ్టు దిగి వచ్చిన మనిషి ఇలా అడిగితే చూడమనో వద్దనో ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ పుస్తకం పెట్టిన బాధనే సినిమా మళ్లీ, ఇంకాస్త గట్టిగా పెడుతుందన్న నమ్మకంతో పుట్టిన ప్రశ్న అది. ముందు ఆ నమ్మకం సంగతి తేల్చాలి.

బెన్యామిన్ 2008లో మలయాళంలో రాసిన 'ఆడుజీవితం' నవలను స్వర్ణ కిలారి 'మేక బతుకు' పేరుతో తెలుగులోకి తెచ్చారు. కేరళ నుంచి సౌదీకి పనికోసం వెళ్లిన నజీబ్‌ను విమానాశ్రయంలో ఒకతను యజమానిలా బండెక్కించుకుని పోయి, ఎడారిలో మేకల దొడ్డి దగ్గర పడేస్తాడు. మూడేళ్లకు పైగా అక్కడే. ఒళ్లు కడుక్కోవడానికి నీళ్లుండవు, కష్టం చెప్పుకోవడానికి మనిషుండడు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు చుట్టాలున్నవాళ్లకు ఇది దూరదేశపు కథ కాదు. అక్కడి పల్లెల్లో గల్ఫ్‌కు పోయినవాళ్ల ముచ్చట లేని వాడ దొరకడం కష్టం.

ఇంత కష్టం నిండిన నవలను జనం ఎందుకంత ఇష్టపడ్డారు? రచయిత కథను నడిపిన తీరులోనే జవాబుంది. కథ మొదలయ్యేది ఎడారిలో కాదు, పోలీస్ స్టేషన్ ముందు. తనను పట్టుకుని జైల్లో వేస్తే బాగుండునని నజీబే అక్కడ తచ్చాడుతుంటాడు. అంటే మనిషి ప్రాణాలతో బయటపడ్డాడని మొదటి పేజీల్లోనే మనకు తెలిసిపోతుంది. ఇక ముందు ఎంత ఘోరం చదివినా ఆ ధైర్యం లోపల ఉంటుంది. పైగా కథ చెప్పేది అతనే. మేకలకు తన ఊరివాళ్ల పేర్లు పెట్టుకుంటాడు. అల్లాకు మొరపెట్టుకుంటాడు, అలుగుతాడు, తన అమాయకత్వం మీద తనే నవ్వుకుంటాడు. చదువుతున్నంతసేపూ ఆ గొంతు మనకు తోడుంటుంది.

ఈ నవల నుంచి బ్లెస్సీ తీసిన 'ఆడుజీవితం' సినిమా 2024 మార్చి 28న తెలుగుతో పాటు పలు భాషల్లో విడుదలైంది. నిడివి దాదాపు మూడు గంటలు. ఇందులో జైలు ఘట్టం చివరికి జరిగింది, నజీబ్ మాటలు బాగా తగ్గాయి. గొంతు చేయాల్సిన పని ఇక్కడ ఒళ్లు చేస్తుంది. నజీబ్ పాత్ర కోసం నటుడు పృథ్వీరాజ్ దాదాపు 30 కిలోలు తగ్గాడు. ఎముకలు తేలిన వీపు, పగిలిన పాదాలు, దుమ్ము పట్టిన గడ్డం, ఇవే ఇక్కడ కథ చెబుతాయి. (జోర్డాన్‌లోని వాడీ రమ్ ఎడారిలో షూటింగ్ జరుగుతుండగా 2020లో కొవిడ్ వచ్చి చిత్రబృందం అక్కడే చిక్కుకుపోయింది. ఎడారిలో ఇరుక్కున్న మనిషి కథ తీయడానికి వెళ్లినవాళ్లకు అదీ రాసిపెట్టి ఉంది.)

అసలు తేడా ఇంకోచోట ఉంది. నవలలో చాలామంది పాఠకులను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది, ఒంటరితనం హద్దు దాటిన వేళ నజీబ్‌కూ ఒక మేకకూ మధ్య జరిగిన సంగతి. విడుదలైన సినిమాలో అది లేదు. దానిమీద కేరళలో పెద్ద గొడవే నడిచింది. తను రాసింది నవల అనీ, అందులోని నజీబూ ఆ పాత్రకు ప్రేరణ అయిన అసలు మనిషీ ఒకరు కారనీ బెన్యామిన్ చెప్పుకోవాల్సి వచ్చింది. సినిమాకు భయపడుతున్న పాఠకుడు ఏ పేజీని తలుచుకుని భయపడుతున్నాడో ఆ పేజీ బహుశా సినిమాలో లేనే లేదు. ఉన్న బాధ వేరు: ఎండ, దాహం, ఎదురుచూపు.

తమిళ సినిమా 'విసారణై' (తెలుగులో 'విచారణ') విషయంలో ఇది తిరగబడింది. కోయంబత్తూరు ఆటోడ్రైవర్ ఎం. చంద్రకుమార్ 1983లో మన గుంటూరులో పొట్టపోసుకుంటుండగా, చేయని దొంగతనం ఒప్పుకోమని పోలీసులు ఆయన్నూ ఆయన స్నేహితులనూ లాకప్‌లో చితకబాదారు. ఆ అనుభవంతో ఆయన తమిళంలో 'లాకప్' రాశారు. వెట్రిమారన్ దాన్ని 'విసారణై'గా తీస్తే జాతీయ అవార్డులు వచ్చాయి, మన దేశం తరఫున ఆస్కార్‌కు వెళ్లింది. పుస్తకం చదివేటప్పుడు ఒక ఊరట ఉంటుంది: ఇది రాసినవాడు బతికాడు. సినిమా సగం దాటాక కొత్త కథ అల్లుకుని ఆ ఊరటను తీసేస్తుంది. దెబ్బలు తిని బయటపడ్డ ఆ అమాయకుల్లో చాలామంది అక్కడ ప్రాణాలతో మిగలరు. నా మట్టుకు పుస్తకం కంటే ఈ సినిమాయే కష్టం. పరాయి భాష చోటికి పనికొచ్చినవాణ్ని పోలీసు ఏ కంటితో చూస్తాడన్నది ఇందులో అసలు విషయం. బిహార్, ఒడిశా కూలీలు గదికి ఐదారుగురు సర్దుకుని ఉండే పటాన్‌చెరు ప్రాంతంలో దీన్ని చూడటం వేరుగా ఉంటుంది.

కొన్ని నవలల్లో కలత అంతా మనసు లోపలే ఉంటుంది. నవీన్ 'అంపశయ్య'లో ఉస్మానియా విద్యార్థి రవి తలలో తిరిగే ఆలోచనలే కథ. ప్రభాకర్ జైనీ దాన్ని సినిమాగా తీశారు. కెమెరా ఎంత దగ్గరికి పోయినా మొహం వరకే పోగలదు గనుక, ఇలాంటి చోట సినిమా ఎక్కువ బాధపెడుతుందన్న భయం అక్కర్లేదు. తక్కువ అందుతుందేమో అన్నదే చూసుకోవాలి.

ప్రేమ్‌చంద్ 'కఫన్' నవల కాదు, చిన్న కథ. అయినా ఇక్కడ చెప్పకుండా ఉండలేను. పురిటి నొప్పులతో కోడలు లోపల చచ్చిపోతుంటే తండ్రీకొడుకులు బయట కూర్చుని ఆలుగడ్డలు కాల్చుకుని తింటారు. తర్వాత కఫను గుడ్డకు అడుక్కొచ్చిన డబ్బులతో తాగుతారు. కథలో ఆ ఆడమనిషి మూలుగు మాత్రమే వినిపిస్తుంది. మృణాల్ సేన్ 1977లో 'ఒక ఊరి కథ' పేరుతో తెలుగులో తీసినప్పుడు ఆమెను బతికుండగా చూపించాడు. మమతా శంకర్ చేసిన ఆ పాత్ర పనిచేస్తుంది, ఎదురు మాట్లాడుతుంది. అందుకే చివర్లో పోయినప్పుడు కథలో కంటే ఎక్కువ నొప్పి కలుగుతుంది. ఆ నొప్పి కోసమైనా ఈ సినిమా చూడాలంటాను.

ఇక చూసే పద్ధతి. పుస్తకాన్ని ఏ పేజీ దగ్గరైనా మూసేయొచ్చు. థియేటర్లో ఆ వీలు లేదు, గడియారం దర్శకుడి చేతిలో ఉంటుంది. ఓటీటీలో ఆపుకోవచ్చు కదా అంటారు. అయితే 'ఆడుజీవితం' లాంటిదాన్ని ఫోన్‌లో, లంచ్ టైమ్‌లో పది నిమిషాలూ బస్సులో పది నిమిషాలూ చూడటం కంటే చూడకపోవడం మేలు. అలా చూస్తే క్రూరత్వం మాత్రమే కంటికి ఆనుతుంది. దానికి బరువు తెచ్చే నిదానం జారిపోతుంది. పుస్తకం ముందు చదివి ఉంటే ఆ మూడు గంటలూ నజీబ్ గొంతు మనసులో తోడుంటుంది కాబట్టి ఆ వరసే మంచిది. నష్టం ఒకటుంది, చూశాక నజీబ్ అనగానే పృథ్వీరాజ్ మొహమే కళ్లముందుకొస్తుంది. మీరు ఊహించుకున్న నజీబ్ మీకు అంత ముఖ్యమైతే సినిమా జోలికి పోకండి, అది పిరికితనం ఏమీ కాదు.

పిల్లల సంగతికి వస్తే, 2024 నుంచి సెన్సార్ సర్టిఫికెట్‌లో యూఏను 7+, 13+, 16+ అని విడగొట్టారు. ఆ అంకె చూసుకుంటే చాలా అనుమానాలు తీరతాయి.

పెద్దవాళ్లకు అలాంటి అంకె ఉండదు, ఎవరి గాయం ఎక్కడుందో వాళ్లకే తెలుసు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో మనిషిని పోగొట్టుకున్న ఇంటివాళ్లను, కూలీల చావు చూపించే ఏ గొప్ప సినిమాకైనా సరే, "మంచి సినిమా, రండి" అని పిలవను. కొడుకు గల్ఫ్‌లో ఉండి నెలరోజులుగా ఫోన్ రాని తల్లి పక్కన కూర్చుని 'ఆడుజీవితం' పెట్టను. ఆ కొడుకు సెలవు మీద ఇంటికొచ్చాక, తనే చూద్దామంటే, అప్పుడు అందరూ కలిసి చూడొచ్చు. అతను మధ్యమధ్యలో ఆపి ఏదైనా చెబితే ఆపనివ్వాలి.