మరణవార్తల్లో ఒదగని నలుగురు శాస్త్రవేత్తలు

2025లో కన్నుమూసిన ప్రపంచ ప్రసిద్ధుల్లో నలుగురు శాస్త్రవేత్తల జీవితాలు ప్రత్యేకంగా పరిశీలించదగినవి. మే 20న పుణేలో జయంత్ నార్లికర్, అక్టోబరు 1న ఉపన్యాస యాత్రలో ఉండగా కాలిఫోర్నియాలో జేన్ గుడాల్, అదే నెల 18న బీజింగ్‌లో చెన్ నింగ్ యాంగ్, నవంబరు 6న న్యూయార్క్ రాష్ట్రంలో జేమ్స్ వాట్సన్ మరణించారు. పత్రికల్లో వచ్చే మరణవార్త సాధారణంగా పుట్టిన ఊరు, పొందిన పురస్కారాలు, ప్రముఖుల సంతాపాలతో ముగిసిపోతుంది. అయితే ఒక శాస్త్రవేత్త కృషిని తూకం వేయాలంటే కనుగొన్నదేమిటి, అందులో ఇంకెవరి శ్రమ కలిసి ఉంది, ఎక్కడ పొరబడ్డారు అన్న ప్రశ్నలను తప్పించుకోవడానికి వీల్లేదు.

1934లో లండన్‌లో జన్మించిన జేన్ గుడాల్‌కు 26 ఏళ్ల వయసు నాటికి విశ్వవిద్యాలయ పట్టా ఏదీ లేదు. ఆమె పొందినది కార్యదర్శి ఉద్యోగానికి కావలసిన శిక్షణ మాత్రమే. అయినప్పటికీ మానవ పరిణామ పరిశోధకుడు లూయీ లీకీ ఆమె ఓర్పును, పరిశీలనా శక్తిని గుర్తించి, 1960 జూలైలో టాంగన్యీకా సరస్సు తూర్పు తీరాన ఉన్న గోంబే అడవికి చింపాంజీలను అధ్యయనం చేయడానికి పంపారు. నేడు టాంజానియాలో భాగమైన ఆ ప్రాంతం అప్పటికి బ్రిటిష్ పాలనలో ఉండేది. యువతి ఒంటరిగా అడవిలో నివసించడానికి అధికారులు ఒప్పుకోకపోవడంతో, తల్లి వాన్ తొలి నెలల్లో కూతురితో పాటు గుడారంలో ఉండి, చుట్టుపక్కల జాలరి కుటుంబాలకు మందులిస్తూ స్థానికుల నమ్మకాన్ని సంపాదించి పెట్టారు.

ఆ ఏడాది ముగియక ముందే గుడాల్ చూసిన ఒక దృశ్యం మానవ శాస్త్రంలో పాతుకుపోయిన నిర్వచనాన్ని కదిలించింది. తెల్లని గడ్డం ఉన్నందున డేవిడ్ గ్రేబియర్డ్ అని ఆమె పేరు పెట్టిన ఒక మగ చింపాంజీ చెదపుట్ట పక్కన కూర్చుని, గడ్డిపరకను పుట్ట రంధ్రంలోకి దూర్చి, కాసేపు అలాగే ఉంచి, మెల్లగా బయటికి లాగి, దానిని కరచిపట్టుకుని వచ్చిన చెదలను పెదవులతో ఏరుకుని తింటూ కనిపించింది. తర్వాతి పరిశీలనల్లో చింపాంజీలు రెమ్మలకు ఉన్న ఆకులను దూసివేసి, అదే పనికి అనువైన పుల్లలుగా మలచుకోవడం కూడా ఆమె గమనించారు. పనిముట్లు తయారు చేసుకోగల జీవి మనిషి ఒక్కడే అన్న అభిప్రాయం అంతటితో నిలవలేకపోయింది.

కేంబ్రిడ్జిలో నేరుగా పిహెచ్‌డీకి చేరినప్పుడు ఆమె ఎదుర్కొన్న ప్రధాన విమర్శ ఏమిటంటే, జంతువులకు సంఖ్యలు ఇవ్వవలసిన చోట పేర్లు పెట్టారని, వాటికి స్వభావాలు, ఉద్వేగాలు ఆపాదించారని. వాస్తవానికి ఒక్కొక్క జంతువునూ విడివిడిగా గుర్తుపట్టి ఏళ్ల తరబడి అనుసరించినందువల్లనే తల్లీబిడ్డల అనుబంధం, వారసత్వం, హోదా కోసం జరిగే పోరు శాస్త్రానికి అందాయి. ఫ్లో అనే ముసలి ఆడ చింపాంజీ 1972లో చనిపోయినప్పుడు లండన్‌లోని సండే టైమ్స్ పత్రిక దానికి సంతాప వ్యాసం ప్రచురించింది. తల్లి పోయాక తిండి మానేసిన దాని కొడుకు ఫ్లింట్ కొద్ది వారాలకే మరణించింది. అయితే ఆమె చింపాంజీలను ఆకర్షించడానికి అరటిపండ్లు పెట్టించిన పద్ధతి వాటి మధ్య తగవులను పెంచిందన్న విమర్శలో బలం ఉంది. 1974 నుంచి 1978 వరకు ఒక గుంపు మరొక గుంపులోని మగవాటిని వెంటాడి చంపిన సంఘటనలను కూడా ఆమె దాచకుండా నమోదు చేశారు. తనకు ప్రియమైన జీవులలోని క్రూరత్వాన్ని అంగీకరించడం ఆమె నిజాయితీకి గట్టి నిదర్శనం. గోంబేలో ఆమె ప్రారంభించిన పరిశీలన ఈనాటికీ కొనసాగుతోంది.

చెన్ నింగ్ యాంగ్ పేరు సామాన్య పాఠకులకు అంతగా పరిచయం లేకపోయినా, భౌతికశాస్త్రంలో ఆయన స్థానం చాలా పెద్దది. 1922లో చైనాలోని హఫేలో జన్మించి అమెరికాలో స్థిరపడిన యాంగ్, 1956లో సహచరుడు త్సుంగ్ దావో లీతో కలిసి ఒక సాహసోపేతమైన ప్రశ్న వేశారు. ఒక భౌతిక ప్రక్రియకూ, అద్దంలో కనిపించే దాని ప్రతిబింబానికీ ప్రకృతి నియమాలు ఒకే విధంగా వర్తిస్తాయన్నది అప్పటివరకు భౌతికశాస్త్రజ్ఞులు స్వయంసిద్ధంగా భావించిన సూత్రం. దీనినే సమతా నియమం అంటారు. పరమాణు కేంద్రకాలు ఎలక్ట్రాన్‌ను వెలువరించి మరో మూలకంగా మారే ప్రక్రియలకు మూలమైన బలహీన బలం విషయంలో ఈ నియమాన్ని ఎవరూ ప్రయోగంతో పరీక్షించనే లేదని వారిద్దరూ చూపించి, పరీక్షించడానికి మార్గాలను కూడా సూచించారు.

ఆ పరీక్షను చేసి చూపినది కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న చియెన్ షియుంగ్ వూ. మాతృభూమిని విడిచి 20 ఏళ్లు గడిచాక భర్తతో కలిసి తూర్పు దేశాలకు బయలుదేరవలసిన ఆమె, ఈ ప్రయోగాన్ని ఇతరుల కంటే ముందుగా చేయాలన్న పట్టుదలతో ప్రయాణం మానుకోగా, భర్త ఒంటరిగా వెళ్లారు. వాషింగ్టన్‌లోని జాతీయ ప్రమాణాల సంస్థ శాస్త్రవేత్తలతో కలిసి ఆమె రేడియోధార్మిక కోబాల్ట్ 60ని పరమ శూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో సుమారు నూరో వంతు దూరం వరకు చల్లబరచి, అయస్కాంత క్షేత్రంతో కేంద్రకాల భ్రమణాన్ని ఒకే దిశకు మళ్లించి, వాటి నుంచి వెలువడే ఎలక్ట్రాన్లను లెక్కించారు. అద్దపు సౌష్ఠవమే ఉంటే రెండు దిశలకూ సమానంగా రావలసిన ఎలక్ట్రాన్లు భ్రమణ దిశకు ఎదురుగా ఎక్కువగా వచ్చాయి. 1957లో నోబెల్ బహుమతి యాంగ్, లీలకు దక్కింది. వూ పేరు అందులో లేదు. ఆమెకు 1978లో తొలి వుల్ఫ్ బహుమతి లభించినప్పటికీ, ప్రయోగం లేకుండా ఆ ప్రశ్న కాగితం మీది ఊహగానే ఉండేది గనుక, ఆ విస్మరణ అన్యాయమన్న మాటను మెత్తబరచవలసిన పనిలేదు.

యాంగ్ అసలు గొప్పతనం ఆ బహుమతి తెచ్చిన పరిశోధనలో కంటే 1954లో రాబర్ట్ మిల్స్‌తో కలిసి ప్రతిపాదించిన సిద్ధాంతంలో ఉందని చెప్పడమే సబబు. ప్రాథమిక కణాల మధ్య బలాలను వర్ణించే నేటి ప్రామాణిక నమూనాకు ఆ గణిత చట్రమే పునాది. లీతో ఆయన స్నేహం మాత్రం, ఘనత ఎవరిదన్న వివాదంతో 1962లో తెగిపోయి, మళ్లీ అతకలేదు.

జేమ్స్ వాట్సన్ కథలో ఘనత పంపకం మరింత బాధాకరంగా సాగింది. తల్లిదండ్రుల లక్షణాలను సంతతికి చేర్చే డీఎన్‌ఏ అణువు మెలితిరిగిన నిచ్చెన వలె రెండు పోగులతో ఉంటుందని 1953 ఏప్రిల్ 25 నాటి నేచర్ పత్రికలో ఆయనా, ఫ్రాన్సిస్ క్రిక్ ప్రకటించినప్పుడు వాట్సన్ వయసు పాతికేళ్లు. ఒక పోగులోని క్షారాల వరుస తెలిస్తే రెండో పోగు వరుస దానంతటదే తెలుస్తుంది కాబట్టి, జీవకణం తన వారసత్వ సమాచారానికి ఎలా నకలు తీసుకుంటుందో ఆ నిర్మాణమే సూచించింది. ఈనాటి జన్యుపరీక్షలు, నేర పరిశోధనలో డీఎన్‌ఏ పోలిక, అనేక కొత్త మందులు అన్నింటికీ ఆ అవగాహనే మూలం.

అయితే ఆ నమూనాకు కీలకమైన కొలతలు లండన్‌లోని కింగ్స్ కాలేజీలో రోజలిండ్ ఫ్రాంక్లిన్ శ్రమ ఫలితం. స్ఫటికాలపై ఎక్స్ కిరణాలను ప్రసరింపజేసి, అవి చెదిరిన తీరును బట్టి అణు నిర్మాణాన్ని రాబట్టే విద్యలో ఆమె ఆరితేరినవారు. ఆమె పర్యవేక్షణలో విద్యార్థి రేమండ్ గోస్లింగ్ 1952లో తీసిన 51వ నంబరు ఛాయాచిత్రాన్ని సహోద్యోగి మారిస్ విల్కిన్స్ ఆమెకు తెలియకుండా వాట్సన్‌కు చూపించారు. ఆమె గణాంకాలున్న నివేదిక కూడా కేంబ్రిడ్జి బృందానికి చేరింది. ఫ్రాంక్లిన్ 1958లో 37 ఏళ్లకే అండాశయ క్యాన్సర్‌తో మరణించగా, 1962లో నోబెల్ బహుమతిని వాట్సన్, క్రిక్, విల్కిన్స్ పంచుకున్నారు. మరణించినవారికి ఆ బహుమతి ఇవ్వకపోవడం ఆనవాయితీ కావచ్చు. కానీ 1968లో వెలువరించిన ‘ది డబుల్ హెలిక్స్’ పుస్తకంలో వాట్సన్ ఆమె వేషభాషలను చులకన చేస్తూ రాయడాన్ని ఏ ఆనవాయితీ సమర్థించదు. 2007లో ఆఫ్రికన్ల తెలివితేటలను కించపరుస్తూ మాట్లాడిన తర్వాత, దశాబ్దాల పాటు తాను నడిపించిన కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో పదవిని వదులుకోవలసి వచ్చింది. అవే అభిప్రాయాలను పునరుద్ఘాటించినందుకు 2019లో ఆ సంస్థ ఆయన గౌరవ హోదాలను సైతం రద్దు చేసింది. ఆయన కనుగొన్న సత్యం నిలుస్తుంది, ఆయన అన్న మాటలూ నిలుస్తాయి. ఒకదానిని చూపి మరొకదానిని మాఫీ చేయడం చరిత్రకు తగదు.

1938లో కొల్హాపూర్‌లో జన్మించిన జయంత్ నార్లికర్ పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం, ఎందుకంటే ఆయన జీవితకాలం సమర్థించిన సిద్ధాంతం ఓడిపోయింది. కేంబ్రిడ్జిలో గురువు ఫ్రెడ్ హాయిల్‌తో కలిసి ఆయన స్థిరస్థితి సిద్ధాంతాన్ని, అంటే విశ్వానికి ఆరంభమే లేదనీ, విశ్వం విస్తరించే కొద్దీ కొత్త పదార్థం పుడుతూ ఉండడం వల్ల అది ఎల్లప్పుడూ ఒకే తీరుగా కనిపిస్తుందనీ చెప్పే వాదాన్ని ముందుకు తీసుకువెళ్లారు. 1965లో విశ్వమంతటా పరుచుకున్న సూక్ష్మతరంగ వికిరణం బయటపడి మహావిస్ఫోట సిద్ధాంతానికి బలం చేకూరినా, ఆయన 1993లో హాయిల్, జెఫ్రీ బర్బిడ్జ్‌లతో కలిసి సవరించిన రూపాన్ని ప్రతిపాదించారు. అధిక సంఖ్యాకులు దానిని ఆమోదించలేదు.

అయినా పరీక్షకు నిలవని దేనినీ ఒప్పుకోకూడదన్న ఆయన నిష్ఠ నలుదిక్కులా విస్తరించింది. జీవం అంతరిక్షం నుంచి వచ్చి ఉండవచ్చునన్న ఊహను పరీక్షించడానికి హైదరాబాదు నుంచి బెలూన్లను పంపి 41 కిలోమీటర్ల ఎత్తు వరకు గాలి నమూనాలను సేకరించిన బృందానికి ఆయన చేయూతనిచ్చారు. వాటిలో లభించిన ఒక కొత్త బాక్టీరియాకు హాయిల్ పేరే పెట్టారు. మహారాష్ట్రలో జ్యోతిషాన్ని పరీక్షించడానికి చురుకైన విద్యార్థులవి 100, మానసిక ఎదుగుదల లోపించిన పిల్లలవి 100 జాతకాలు సేకరించి, జ్యోతిషులకు తలా 40 చొప్పున పంపగా, జవాబులు పంపిన 27 మంది గుర్తింపు సుమారు 46 శాతమే సరిపోయింది. నాణెం ఎగరేసి చెప్పినా అంతకు తగ్గదు. సంతకం కోసం వచ్చే పిల్లలతో ఆయన, ఒక ప్రశ్న రాసి పోస్టుకార్డు పంపితే సంతకంతో పాటు జవాబు కూడా ఇస్తానని చెప్పేవారు.

1988లో పుణేలో ఆయన నెలకొల్పిన అంతర విశ్వవిద్యాలయ ఖగోళ, ఖగోళ భౌతికశాస్త్ర కేంద్రం, సొంత పరికరాలు సమకూర్చుకోలేని విశ్వవిద్యాలయాల అధ్యాపకులకూ, విద్యార్థులకూ గ్రంథాలయం, గణన సౌకర్యం, పరిశోధకుల సాంగత్యం అందుబాటులోకి తెచ్చింది. స్థిరస్థితి సిద్ధాంతంపై ఆయన రాసిన పత్రాలన్నింటికంటే ఆ సంస్థే ఆయన చేసిన పెద్ద పని.