లాడ్ బజార్ లక్క గాజుల విక్రయానికి ప్రొఫైల్ చిత్రం
మోదుగ, రేగు వంటి చెట్లపై లక్క పురుగులు స్రవించే జిగురే హైదరాబాద్ పాతబస్తీలోని లాడ్ బజార్ లక్క గాజులకు ముడిసరుకు. 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన ఈ గాజులను ఫేస్‌బుక్, వాట్సాప్ బిజినెస్ ద్వారా విక్రయించేవారు ప్రొఫైల్ చిత్రాన్ని ఆలోచించి ఎంచుకోవాలి. చార్మినార్ బొమ్మ ఊరిని చెబుతుంది గాని దుకాణాన్ని చెప్పదు. ఈ మాధ్యమాలు చతురస్రాకార చిత్రాన్ని వృత్తంగా చూపుతాయి. మూలల్లోని అక్షరాలు తెగిపోతాయి. గాజు ఎలాగూ గుండ్రనిదే కనుక, సాదా నేపథ్యంపై ఒకే గాజును పగటి వెలుతురులో, పొదిగిన రాళ్లు స్పష్టంగా కనిపించేటట్లు దగ్గరగా తీయడం మేలు. గాజుల దొంతర చిన్న తెరపై రంగుల మరకలా కనిపిస్తుంది. చిత్రంలో రంగును పెంచరాదు. చేతికి అందిన గాజు వేరే రంగులో ఉంటే కొనుగోలుదారు మళ్లీ రాడు. భౌగోళిక సూచికను వాడుకునే హక్కు 1999 నాటి చట్టం ప్రకారం అధీకృత వినియోగదారులుగా నమోదైనవారిదే. కాబట్టి చిత్రంలో ఆ చిహ్నాన్ని చేర్చేముందు విస్తరణ సిబ్బంది విక్రేత నమోదును పరిశీలించాలి.