గనుల రాళ్ళును బిందెలోని నీరును

సోదరీమణులారా! ఇంటికి వచ్చిన అతిథికి మనము మొట్టమొదట ఒసగునది మంచినీరు. ఆ నీటి మంచిచెడ్డలు కంటితో చూచియు, నాలుకతో రుచిచూచియు తెలిసికొనుట మన తల్లులనాటి వాడుక. కాని కంటికిని నాలుకకును చిక్కని దోషములును గలవు. గనులయొద్ద పారవేయు రాళ్ళనుండియు, బురదనుండియు నీటిలోనికి దిగు యురేనియము అట్టిది. దానినిగూర్చి మేము నేడు కొంత విన్నవింపదలచితిమి.

తెలుగు చిత్రసీమకు నెలవైన హైదరాబాదులోని జూబిలీ హిల్స్, ఫిలింనగర్‌ల నుండి ఈ మాట గట్టిగా వినబడినది 2019 సెప్టెంబరులో. నల్లమలయందలి అమ్రాబాదు పులుల అభయారణ్యమున యురేనియము కొఱకు అన్వేషణ జరుగనున్నదని తెలిసి, దర్శకుడు శేఖర్ కమ్ముల, నటులు పవన్ కల్యాణ్, విజయ్ దేవరకొండ, సమంత మొదలగువారు అది వలదని పలికిరి. ఆ నెలలోనే తెలంగాణ శాసనసభయు నల్లమలలో యురేనియము త్రవ్వకములు కూడవని ఏకగ్రీవముగా తీర్మానించెను. చెంచుల అడవికిని చిత్రసీమకును సంబంధమేమని కొందఱు అడుగవచ్చును. ఆ సంబంధము కృష్ణానది. నల్లమల వాగులు కృష్ణలో కలియును. నాగార్జునసాగరమున నిలిచిన ఆ నీటినే అక్కంపల్లి జలాశయము మీదుగా కొనివచ్చి, శుద్ధిచేసి, హైదరాబాదు కుళాయిల కిచ్చుచున్నారు.

గనివలన నీరు చెడుట ఎట్లు? రాతిలో యురేనియము మిక్కిలి కొద్దిగా నుండును. కడప సీమలోని తుమ్మలపల్లె రాతిలో నూటికి 0.05 పాలైనను లేదు. అనగా వేయి కిలోల రాతికి అరకిలో కంటె తక్కువ. తక్కినదంతయు వ్యర్థమే. పనికిరాదని పైకెత్తి పోసిన రాళ్ళు గుట్టలగును. పనికివచ్చు రాతిని పిండిచేసి, సోడా ద్రావణముతో లోహమును తీసికొన్న పిమ్మట మిగిలిన బురద చెరువువంటి మడుగునకు చేరును. రాయి ముక్కలైనకొలది దానికి గాలియు వానయు సోకు చోటు హెచ్చును. అందు మిగిలిన ధాతువులు నీటిలో కరగి, అడుగున తగిన పొర లేనిచో, భూమిలోనికి దిగి బావులను చేరవచ్చును.

తుమ్మలపల్లెలో భారత యురేనియము సంస్థవారి కర్మాగారము 2012లో పని ప్రారంభించెను. వ్యర్థపు మడుగునకు సమీపమున గల కొట్టాల, మబ్బుచింతలపల్లె మొదలగు గ్రామముల రైతులు తమ బోరునీరు చెడినదనియు, అరటితోటలు దెబ్బతిన్నవనియు మొఱపెట్టుకొనిరి. 2018లో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు నిచ్చెను. సంస్థవారు తమవలన దోషము లేదనిరి.

ఇట్టి వివాదమును తీర్చు మార్గమేది? బావిలో యురేనియము కనబడినంతమాత్రాన తప్పు గనిదే యనరాదు. కొన్ని నేలలలో, ముఖ్యముగా గ్రానైటు నేలలలో, అది సహజముగనే యుండును. కావున గని త్రవ్వకమునుపే చుట్టుపట్ల నీటిని పరీక్షించి లెక్క వ్రాసియుంచవలెను. పిమ్మట మడుగునకు ఎగువనను దిగువనను గల బావుల నీటిని వేసవిలోను, వానకాలములోను తీసి పోల్చవలెను. దిగువ బావులలో మాత్రమే యురేనియము ఏటేట పెరుగుచు, దానితోపాటు సోడా లవణములును హెచ్చుచున్నచో అనుమానము బలపడును. పరీక్షించువారు గనివారికి లోబడనివారై యుండుట అవసరము.

లీటరు నీటిలో యురేనియము 30 మైక్రోగ్రాములు మించకుండుట మేలని ప్రపంచారోగ్యసంస్థ తెలిపినది. మితిమీరినచో మూత్రపిండములకు హాని. కాచినను అది పోదు. నీరు ఆవిరియైనకొలది మిగిలినదానిలో ఇంకను చిక్కబడును. గుడ్డతో వడగట్టినను పోదు. ఆర్.ఓ. యంత్రము చాలవఱకు తొలగించును గాని, అది ప్రతి బీదయింటను ఉండునా? తోటకును, పశువుల తొట్టికిని దానిని బిగింపగలమా? నీటిని మొదటనే చెడకుండ కాచుకొనుటయే మేలు.

గనుల చెంత నివసించు సోదరీమణులకు మా మనవి యిది: మీ బావినీటి పరీక్షాఫలితములను తెలుగులో వ్రాసి పంచాయతీ గోడపై అంటింపుడని అధికారులను అడుగుడు. నగరమున కుళాయి త్రిప్పు సోదరీమణులారా! వారు అడుగునపుడు మీరును గొంతు కలుపుడు. బిందెలు వేఱైనను భూమిలోని నీటికి గట్లు లేవు.