గోడకు పూత పడకముందే

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. శంకుస్థాపనకూ, ద్వారబంధానికీ, గృహప్రవేశానికీ ఘడియలు చూపించుకుంటాము. కాని శ్లాబు పోసే రోజున, కాంక్రీటు పడకముందు, లోపల ఇనుప కడ్డీలు ఎన్ని ఉన్నవి, ఎంతెంత ఎడంగా కట్టారు అని చూసే కన్ను ఒకటి కావాలని మనలో ఎందరికి తోస్తుంది? చూడవలసినవాడు పురపాలక సంఘపు బిల్డింగు ఇన్‌స్పెక్టరు. ఆయనకు పని నేర్పటానికి ప్రభుత్వం గ్రాంటు ఇవ్వవలసి ఉన్నదా అన్నదే ఈ నెల మేము మీ ముందు పెట్టదలచిన విషయం.

మదరాసులో ఉన్న మన కుటుంబాలకు 2014 జూన్ 28 గుర్తుండే ఉంటుంది. ఆనాటి సాయంత్రం పోరూరు దగ్గర మౌలివాకంలో, కడుతూ ఉన్న 11 అంతస్తుల భవనం వానలో కుప్పకూలింది. 61 మంది చనిపోయారు. వారిలో పలువురు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కూలి పనికి వచ్చినవారు. మన పెద్దలవలెనే బ్రతుకుతెరువు కోసం ఇక్కడికి వచ్చినవారు. అదే ఆవరణలో నిలిచి ఉన్న రెండవ భవనాన్ని 2016 నవంబరు 2న అధికారులు ప్రేలుడు పదార్థాలతో కూల్పించారు. ప్లానుకు ఆమోదముద్ర వేయటం ఒక పని. ప్లానులో ఉన్నదే నేలమీద లేస్తున్నదా అని వెళ్ళి చూడటం మరొక పని. ఈ రెండవ పనికి మనిషి కావాలి.

సంపన్న దేశాలలో ఇటువంటివి జరగవనుకుంటే పొరపాటు. 2017 జూన్ 14 తెల్లవారుజామున లండనులోని గ్రెన్‌ఫెల్ టవర్ అనే 24 అంతస్తుల మేడ తగులబడింది. నాలుగవ అంతస్తు వంటింటిలో ఫ్రిజ్ దగ్గర పుట్టిన మంట, మేడకు వెలుపల కొత్తగా తొడిగిన పలకలను పట్టుకొని పైకి ప్రాకింది. ఆ పలకలు రెండు అల్యూమినియం రేకుల నడుమ ప్లాస్టిక్ పెట్టినవి. 72 మంది చనిపోయారు. 2024 సెప్టెంబరులో వెలువడిన తుది విచారణ నివేదిక ప్రభుత్వాన్నీ, సరుకు తయారుచేసిన కంపెనీలనూ, మరెందరినో తప్పుపట్టింది. స్థానిక సంస్థ తరఫున ఆ పనిని చూసిన ఉద్యోగిని గురించి కూడా అందులో ఒక మాట ఉన్నది. ఆయనమీద పని భారం మితిమీరి ఉన్నదనీ, తగిన శిక్షణ లేదనీ, ఆ పలకలవల్ల వచ్చే ప్రమాదం ఆయనకు సరిగా తెలియదనీ. లంచగొండి అని కాదు సుమా, నేర్పినవారు లేరని.

ఆ దుర్ఘటన దరిమిలా ఇంగ్లండు 2022లో భవన భద్రతా చట్టం చేసింది. 2024 నుంచి పేరు నమోదు కానివారు ఇన్‌స్పెక్టరు పని చేయరాదు. కొత్తగా చేరినవారు పెద్దల పర్యవేక్షణలోనే చేయాలి. అయితే చట్టం చేసినంతమాత్రాన మనుషులు పుట్టుకురారు గదా! అనుభవజ్ఞులలో చాలామంది పదవీ విరమణకు దగ్గరపడి ఉన్నారు. అందుచేత 2023లో అక్కడి ప్రభుత్వం, స్థానిక సంస్థల తనిఖీ శాఖలకు కొత్తవారిని చేర్చుకొని తర్ఫీదు ఇచ్చేందుకు 1 కోటి 65 లక్షల పౌండ్ల గ్రాంటు మంజూరు చేసింది.

ఈ ఖర్చు ఏ ఊరికి ఆ ఊరే పెట్టుకోరాదా అని అడగవచ్చు. చిక్కంతా అక్కడే ఉన్నది. నేర్చుకునేవాడికి జీతం ఇవ్వాలి, నేర్పే పెద్ద ఉద్యోగి సమయం పోతుంది, రాబడి మాత్రం రాదు. తీరా చేయి తిరిగినాక ఎక్కువ జీతమిచ్చే కంపెనీయో, పొరుగు పట్టణమో అతన్ని తీసుకుపోతుంది. అందుచేత ఎవరికి వారే ఇతరులు నేర్పుతారులే అని ఊరుకుంటారు. అందరికీ పనికివచ్చే విద్యకు అందరి ఖజానా నుంచే డబ్బు రావటం న్యాయం.

నేర్వవలసినది ఏమంత ఉన్నదంటారా? మన దేశపు కాంక్రీటు ప్రమాణం, 2000 నాటి ఐ.ఎస్. 456, స్తంభంలోని కడ్డీకి పైన కనీసం 40 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలంటుంది. సముద్రపు గాలి తగిలేచోట ఇంకా మందం కావాలి. శ్లాబు ఎడం 4.5 మీటర్లకు మించితే కింద నిలిపిన కర్రలను మామూలుగా 14 రోజులదాకా తీయరాదు. ఈ అంకెలు పుస్తకంలో దొరుకుతాయి. కాని కాంట్రాక్టరు తొందరపెడుతుంటే, మేస్త్రీ నవ్వుతుంటే, "ఇవాళ పోయవద్దు, ఈ వరుస విప్పి మళ్ళీ కట్టండి" అనగలగటం ఒక పెద్ద ఉద్యోగి వెంట ఎండలో తిరిగితేనే అబ్బుతుంది.

ఇన్‌స్పెక్టరంటే చేయి చాచేవాడే గదా అని మనలో కొందరు అంటారు. శిక్షణ దురాశకు మందు కాదు, ఒప్పుకుంటాము. కాని పని తెలియని నిజాయితీపరుడు కూడా మౌలివాకం వంటి చోట ఒక్క ప్రాణాన్నీ కాపాడలేడు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ, పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనుల పట్టికలో కట్టడాల నియంత్రణను రెండవదిగా చేర్చింది. పని అప్పగించినప్పుడు దానికి కావలసిన మనుషులను తయారుచేసే డబ్బు కూడా ఇవ్వాలి. మంచినీటికీ పారిశుద్ధ్యానికీ గ్రాంట్లు ప్రత్యేకించినట్లే దీనికీ ఒక పద్దు ఉండాలని మేము కోరుతున్నాము.

ఈలోగా మన చేతిలో ఉన్నది మనం చేద్దాము. ఇల్లు కట్టేవారు కాంక్రీటు పోయకముందే కడ్డీలను తెలిసిన ఇంజనీరుకు చూపండి, ఫొటోలు తీసి దాచండి. పురపాలక కార్యాలయానికి ముందుగా కబురు పెట్టి, చూసేందుకు ఎవరు వస్తారో అడగండి. పంపటానికి మనిషి లేడని జవాబు వస్తే, ఆ జవాబును కాగితంమీద వ్రాయించుకొని మీ కౌన్సిలరుకు చూపండి.