ఇంట్లో ఒక పియానో

దావీదు సితారా వాయించిన సంగతి బైబిల్లో మొదట కనిపించేది ఆలయంలో కాదు, ఒక ఇంట్లో. 1 సమూయేలు 16వ అధ్యాయంలో మనసు చెదిరిన సౌలు ఒక్కడి కోసం ఆ కుర్రవాడు తీగలు మీటాడు. యెరూషలేములో దేవాలయం అప్పటికి కట్టనే లేదు. జనసమూహం లేదు, మెచ్చుకోళ్లు లేవు. వాయించాడు, సౌలుకు నెమ్మది కలిగింది. అంతే.

సంగీతం అనగానే వేదిక, మైకు, సౌండ్ బాక్సులు గుర్తుకొచ్చే ఈ రోజుల్లో ఆ గదిని ఒకసారి తలచుకోవడం మంచిది. పియానో కొనాలని, పిల్లలకు నేర్పించాలని ముచ్చటపడే కుటుంబాలు మన సంఘాల్లో చాలానే ఉన్నాయి. ముచ్చట మంచిదే. కానీ ‘రెండేళ్లలో బాబు చర్చిలో వాయించాలి’ అన్న లెక్కతో కొన్న వాయిద్యం తరచుగా ఆరు నెలలకే గుడ్డ కప్పుకుంటుంది. మరో ఆరు నెలలకు దాని మీద ఇస్త్రీ బట్టలు చేరతాయి. పియానో ముందు ఇంటిది కావాలి. ఆ తర్వాతే చర్చిది.

పియానో పుట్టింది ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో. మెడిచి రాకుమారుని కొలువులో పనిచేసిన బార్తలోమియో క్రిస్తోఫొరి 1700 నాటికే దాన్ని తయారుచేశాడు. అంతకుముందున్న హార్ప్సికార్డ్‌లో మెట్టు నొక్కితే ఈక ముక్క ఒకటి తీగను మీటేది. ఎంత సుతారంగా నొక్కినా, ఎంత బలంగా నొక్కినా శబ్దం దాదాపు ఒకటే. క్రిస్తోఫొరి ఆ ఈకను తీసేసి చిన్న సుత్తిని పెట్టాడు. వేలు మెల్లగా తాకితే తీగ మెల్లగా పలికింది, గట్టిగా తాకితే గట్టిగా పలికింది. మెల్లగానూ గట్టిగానూ పలికేది అన్న అర్థంలో దానికో పొడవాటి పేరు పెడితే, వాడుకలో ‘పియానో’ మాత్రం మిగిలింది. ఇటాలియన్ భాషలో ఆ మాటకు మెల్లగా అని అర్థం. ఆయన చేతి పనిలో మూడు పియానోలు నేటికీ ఉన్నాయి. వాటిలో పాతది 1720 నాటిది, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

ఈ సుత్తి సంగతి ఎందుకంటే, ఇంట్లో పియానో నేర్చుకోవడంలోని ఆనందమంతా అక్కడే ఉంది. మన చేతి బరువు మనకే వినిపిస్తుంది. కోపంగా కూర్చుంటే కోపం వినిపిస్తుంది, తొందరపడితే తొందర వినిపిస్తుంది. మన చర్చిల్లో ఎక్కువగా కనిపించే 61 మెట్ల కీబోర్డుకు రిథమ్ ఉంటుంది, వందల రకాల గొంతులుంటాయి, శ్రుతి మార్చడానికి బటన్ ఉంటుంది. ఏ పాటనైనా సి శ్రుతిలోనే వాయిస్తూ బటన్‌తో నెట్టుకొచ్చే తమ్ముళ్లు మనకు తెలియనివారా! ఆరాధనకు వాళ్లు చేస్తున్న సేవ చిన్నదేమీ కాదు. కానీ నేర్చుకునే పిల్లలకు ఆ బటన్ దొరకనంత కాలం మేలు.

తీగల పియానో అందరికీ సాధ్యం కాదు. 88 మెట్లు, వాటి వెనుక 230 దాకా తీగలు, ఇనుప చట్రం. నిలువు పియానో అయినా సుమారు రెండు వందల కిలోలు తూగుతుంది. కోస్తా ఊళ్లలోని తేమకు చెక్క ఉబ్బుతుంది, తీగలు తుప్పు పడతాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు శ్రుతి చేయించాలి. చేసేవారిని వెతికి పట్టుకోవడం మరో పని. ఈ తిప్పలన్నీ పడలేని ఇంటికి వెయిటెడ్ కీస్ ఉన్న 88 మెట్ల డిజిటల్ పియానో చాలు. అపార్ట్‌మెంట్‌లో రాత్రి తొమ్మిదింటికి హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయించుకోవచ్చు. అప్పు చేసి మాత్రం కొనొద్దు. నెలనెలా వాయిదా కట్టే తండ్రి, పిల్లవాడి వేళ్లను ప్రేమతో చూడలేడు.

మన తెలుగువారికి ఈ వాయిద్యం ఒక వింత ఆనందాన్ని దాచి ఉంచింది. నల్ల మెట్ల జోలికి పోకుండా, సి నుంచి తెల్ల మెట్లు వరుసగా వాయించండి. అది శంకరాభరణం. అవే తెల్ల మెట్లు డి నుంచి మొదలుపెడితే ఖరహరప్రియ, ఇ నుంచి హనుమతోడి, ఎఫ్ నుంచి మేచకల్యాణి, జి నుంచి హరికాంభోజి, ఎ నుంచి నఠభైరవి. మెట్లు మారలేదు, మొదలు మారింది, రాగమే మారిపోయింది. పదేళ్ల పిల్లకు ఇది చూపించి ముఖం చూడండి.

అయితే పియానోకు గమకం రాదు. ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారడం దానికి తెలియదు, మెట్టు దగ్గర మెట్టే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పురుషోత్తమ చౌదరి వంటి భక్తులు రాసిన పాటల పైన రాగం, తాళం పేర్లుంటాయి. వాటిని అచ్చంగా పియానో మీద దింపాలని చూస్తే రాగం ఎముకలే మిగులుతాయి. ఎడమ చేత్తో షడ్జమం, పంచమం మెల్లగా మోగిస్తూ కీర్తనను గొంతుతోనే పాడుకుంటే బావుంటుంది. పాట పాడే మనిషిది, ఆసరా పియానోది. పాశ్చాత్య వరుసల్లోని తర్జుమా పాటలకు వచ్చేసరికి సంగతి వేరు. అందులో సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అని నాలుగు గొంతులు. సాధారణంగా పైరెండు కుడిచేతికి, కిందిరెండు ఎడమచేతికి. నాలుగు వరుసలూ ఒక్కరి పది వేళ్ల కింద మోగుతుంటే తల్లి ఒకటి, తండ్రి ఒకటి, పిల్లలు ఒకటి అందుకుంటారు. కుటుంబ ప్రార్థన ఆ పూట ఎప్పుడు ముగిసిందో ఎవరూ గడియారం చూడరు.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు, కానీ రోజూ కావాలి. ఆదివారం రెండు గంటలు కూర్చుని మిగతా ఆరు రోజులు వదిలేస్తే వేళ్లు మరిచిపోతాయి. ఎనిమిది గ్రేడ్ల పరీక్షలు రాయించడంలో తప్పు లేదు, మార్కుల కోసం మూడు పాటలే ఏడాదంతా అరగదీయించడం మాత్రం పిల్లలకు శిక్ష. నలభై దాటిన అమ్మ పిల్లవాడి పక్కనే కూర్చుని మొదటి పాఠం నుంచి మొదలుపెడితే ఇద్దరూ నిలబడతారు. తప్పు వాయించినప్పుడు ఇద్దరూ నవ్వుకోవచ్చు.

ఇంట్లోనే నేర్పిన తండ్రుల్లో యోహాన్ సెబాస్టియన్ బాఖ్ పేరు ముందు చెప్పుకోవాలి. లూథరన్ విశ్వాసి, తన స్వరరచనల చివర దేవునికే మహిమ అన్న లాటిన్ మాటల పొడి అక్షరాలు రాసుకున్నవాడు. జర్మనీలోని క్యోతెన్‌లో ఉండగా, 1720 జనవరి 22న, తొమ్మిదేళ్ల పెద్దకొడుకు ఫ్రీడెమాన్ కోసం ఒక చేతిరాత పుస్తకం మొదలుపెట్టాడు. పియానోలు అప్పటికి వారి ఇళ్లకు చేరలేదు, ఉన్నవి దాని ముందు తరం వాయిద్యాలు. పుస్తకంలో మొదట స్వరాలను గుర్తించడం, తర్వాత ఒక చిన్న పాఠం. దాని తలమీద యేసు నామమున అన్న లాటిన్ మాటల మూడు పొడి అక్షరాలు, కింద ఏ స్వరానికి ఏ వేలో అంకెలు. ఆ మొదటి పుటల్లోనే ఒక ఆరాధన గీతపు వరుస ఉంది. కష్టకాలంలో భారమంతా దేవుని మీద వేయమని చెప్పే ఆ పాటను గియోర్గ్ నోయ్‌మార్క్ 1641లో రాశాడు.

అదే సంవత్సరం జులైలో బాఖ్ తన యజమానితో కలిసి కార్ల్స్‌బాద్ వెళ్లి తిరిగొచ్చేసరికి భార్య మరియా బార్బరా లేదు. సమాధి కూడా అయిపోయింది. ఇంట్లో తల్లిలేని పిల్లలు, బల్ల మీద సగం నిండిన పుస్తకం. పుస్తకం ఆగలేదు. పాఠాలు వస్తూనే ఉన్నాయి. 1721 డిసెంబరులో గాయని అన్నా మగ్దలేనా ఆ ఇంటికి రెండో భార్యగా వచ్చింది. 1725లో ఆమె పేరున మరో పుస్తకం మొదలైంది. అందులో ఆమె చేతిరాత ఉంది, పిల్లల చేతిరాత ఉంది, మన పిల్లలు ఈనాటికీ నేర్చుకునే చిన్న చిన్న నాట్య వరుసలున్నాయి. వాటి మధ్య, ఫ్రీడెమాన్ తొమ్మిదేళ్లప్పుడు నేర్చుకున్న ఆ నోయ్‌మార్క్ పాట వరుసను మళ్లీ ఎక్కించారు.