ఏరు దాటుతున్న ఎడ్లబండి

నడి ఏట్లో ఎడ్లబండి. దాని మీద మనుషులు. అమెరికా అంతర్యుద్ధం నాటి ఈ ఫొటో మన ఊరి వాగు దాటే బండిని గుర్తు చేస్తుంది. కానీ వీళ్లు సంతకి పోవడం లేదు. బానిసత్వం తప్పించుకుని ఉత్తరాది సైన్యం దగ్గరికి పోతున్నారు. 1862 ఆగస్టులో వర్జీనియాలోని రాపహానక్ నది దగ్గర తిమోతీ ఓసలివన్ దీన్ని తీశాడు.

సైన్యం దగ్గరికే ఎందుకు? దాని వెనక చిన్న కథ ఉంది. 1861 మే నెలలో ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మలోరీ, జేమ్స్ టౌన్సెండ్ అనే ముగ్గురు బానిసలు రాత్రిపూట పడవలో మన్రో కోటకి చేరారు. వాళ్ల చేత దక్షిణాది సైన్యం ఫిరంగి దిబ్బలు కట్టిస్తోంది. మా వాళ్లను మాకివ్వండి, చట్టం ఉంది కదా అని మర్నాడే మనిషొచ్చాడు. కోట అధికారి జనరల్ బట్లర్ అసలు వకీలు. దేశం నుంచి విడిపోయామన్నారు కదా, ఇంక మా చట్టంతో మీకేం పని అన్నాడు. శత్రువు యుద్ధానికి వాడే ఆస్తి కాబట్టి స్వాధీనం చేసుకుంటున్నానన్నాడు. మనిషిని సరుకు కింద లెక్కగట్టిన మాటే మనిషిని కాపాడింది! అప్పటినుంచి అలా వచ్చినవాళ్లందరికీ ‘కాంట్రబాండ్’ అనే పేరు పడింది.

కబురు పాకింది. యుద్ధం ముగిసేలోగా లక్షలాది మంది వచ్చేశారు.

అక్కడా సుఖం లేదు. మన్రో కోటలో 1861 చివర్లో జనరల్ వూల్ జీతాలు ఖరారు చేశాడు. చేతికిచ్చేది కొంతే. మిగతాది ఆడవాళ్లు, పిల్లల పోషణకని పట్టేసుకున్నారు. ఆ కొంత కూడా చాలామందికి సరిగా అందలేదు. జీతంలో కోత అంటే ఏమిటో ఈ పేజీ చదివేవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.

మమ్మల్ని ఎక్కువసేపు ఆపింది ఇంకో ఫొటో. 1862 మేలో కంబర్లాండ్ లాండింగ్ దగ్గర జేమ్స్ గిబ్సన్ తీసింది. చెక్క ఇంటి ముందు ఆడా మగా, పిల్లలు. ఆ రోజుల్లో తడి గాజుపలక మీద ఫొటో తీసేవారు. కదిలితే మొహం చెదిరిపోయేది. అందుకే అందరూ బిగుసుకుపోయి ఉన్నారు. కోటకి వచ్చిన ముగ్గురి పేర్లు చరిత్రలో మిగిలాయి. వీళ్లవి ఎవరూ రాసుకోలేదు. ఫొటో కింద ఊరి పేరుంది, వాళ్లు ‘కాంట్రబాండ్లు’ అని ఉంది. 

ఈ ఫొటోలు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. ఇంటర్నెట్‌లో డబ్బు కట్టకుండా చూడొచ్చు. సెల్‌ఫోన్‌లో కాకుండా వీలైతే పెద్ద తెర మీద చూడండి. మొహాలు స్పష్టంగా కనిపిస్తాయి.