మీటితే లేటుగా మోగుతోందా?

రాత్రి పది దాటాక అపార్ట్‌మెంట్లో యాంప్ ఆన్ చేస్తే పక్కింటివాళ్లు ఊరుకుంటారా? అందుకే ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకునేవాళ్లు ఆడియో ఇంటర్‌ఫేస్ కొంటారు. గిటార్ సిగ్నల్‌ని డిజిటల్‌గా మార్చి, యూఎస్‌బీ ద్వారా ల్యాప్‌టాప్‌కి పంపే చిన్న డబ్బా అది. యాంప్ పని సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది, మనం హెడ్‌ఫోన్స్‌లో వింటాం. తీరా కొన్నాక 'మీటిన కాసేపటికి సౌండ్ వస్తోంది, తాళం కుదరట్లేదు' అంటూ దాన్ని సగం ధరకి అమ్మేసి, గిటార్‌నీ మూలన పెట్టేసినవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు. చాలాసార్లు తేడా డబ్బాలో ఉండదు, సెట్టింగ్స్‌లో ఉంటుంది.

ఈ ఆలస్యం పేరు లేటెన్సీ. కంప్యూటర్ శబ్దాన్ని ధారగా పంపదు, బిందెలు నింపి మోస్తుంది. ఆ బిందే బఫర్. సెకనుకి 48,000 శాంపిళ్ల లెక్కన, బఫర్ 1024 ఉంటే ఒక బిందె నిండడానికే 21 మిల్లీసెకన్లు. లోపలికి ఒకటి, బయటికి ఒకటి... మొత్తం 40 దాటిపోతుంది. యాంప్‌కి 14 మీటర్ల దూరంలో నిలబడి వాయించినట్టన్నమాట! బఫర్‌ని 128కి దించితే ఒక్కో బిందెకి మూడు మిల్లీసెకన్లు కూడా పట్టదు. టిక్‌టిక్‌మని చప్పుడొస్తే 256 పెట్టండి. విండోస్‌లో అయితే ముందు కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవర్ వేసి, సాఫ్ట్‌వేర్‌లో దాన్నే ఎంచుకోవాలి. మామూలు విండోస్ డ్రైవర్‌తో ఎంత కుస్తీ పట్టినా సాధారణంగా ఇంత వేగం రాదు. మ్యాక్‌లో ఈ గొడవ లేదు.

టోన్ చప్పగా, దుప్పటి కప్పినట్టు ఉందా? ఇన్‌పుట్ 'లైన్' మీద ఉందేమో చూడండి. గిటార్ పికప్‌కి సుమారు 10 లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ కావాలి, లైన్‌లో చాలావాటికి పది వేల చిల్లరే ఉంటుంది. 'ఇన్‌స్ట్' బటన్ నొక్కితే సరి. తర్వాత గెయిన్. మీరు కొట్టగలిగినంత గట్టిగా కొట్టినా మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. ఎర్ర లైట్ వెలిగేంత పెంచితే ఆ గరగర తర్వాత పోగొట్టడం చాలా కష్టం.

సౌండ్ రెండుసార్లు వినిపిస్తే డైరెక్ట్ మానిటర్ ఆపేయండి. ఒక చెవిలోనే వస్తుంటే సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్‌ని మోనో చేయండి.

ఇక హమ్. మన కరెంటుది 50 హెర్ట్జ్, ఆ 'గుయ్‌'మనే మోత చాలాసార్లు దానిదే. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. మోత ఆగితే దోషం చార్జర్‌దో, ఎర్తింగ్‌దో. అలాగని ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను మాత్రం పీకొద్దు, షాక్ కొడుతుంది. చార్జర్ తీసినా మోత ఆగలేదా? కుర్చీ అటూ ఇటూ తిప్పండి. సింగిల్ కాయిల్ పికప్ మానిటర్ నుంచీ, చార్జర్ నుంచీ వచ్చే గోలని పట్టేస్తుంది. దిక్కు మారితే మోత తగ్గుతుంది. ఇంకా కరకరమంటుంటే ఇంటర్‌ఫేస్ మార్చేముందు ఫ్రెండ్‌ని అడిగి ఓ కేబుల్ తెచ్చి పెట్టి చూడండి.